కరెంటు పోయి వచ్చినప్పుడల్లా

తమ్ముడు కంప్యూటరు కట్టుకోవడం డబ్బాతో మొదలుపెట్టాడు. లోపల పెట్టాల్సిన సరుకు ఒక్కటీ లేకుండా ముందు డబ్బా. పక్కన అద్దం తలుపూ, ముందు వైపు రంగులు మారే ఫ్యాన్లూ ఉన్న నల్లటి క్యాబినెట్. దాన్ని తెచ్చి తన గదిలో బల్ల మీద పెట్టి, చుట్టూ తిరిగి చూసుకుని, మర్నాటి నుంచి అందులో సాక్సులు పెట్టుకున్నాడు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఆ గది ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాన్న అనేవాడు. సామెత కదా, నాలుక మీదే ఉంటుంది, అనేస్తాం. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ దాన్ని వాడరు.

వాడికంటే నేను పెద్దదాన్ని. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. పెళ్ళి సంగతి అడక్కండి, ఈ కథలో దానికి పనిలేదు. అమ్మ, నాన్న, వాడు, నేను పటమటలో ఒక ఫ్లాటులో ఉండేవాళ్ళం.

గేములాడే కంప్యూటరు రెడీమేడ్‌గా కొనకూడదని, ఒక్కో భాగం ఏరి తెచ్చుకుని సొంత చేతులతో బిగించుకోవాలని వాడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. చిన్నప్పటి నుంచీ వాడు ఆడిందంతా పరాయి కంప్యూటర్ల మీదే. కాలేజీ రోజుల్లో వాణ్ణి వెతకాలంటే ముందు గేమింగ్ సెంటరుకి వెళ్ళేదాన్ని. తర్వాత హనుమాన్ జంక్షన్లో ట్రాక్టర్ల షోరూములో ఉద్యోగం వచ్చింది. రోజూ బండి మీద వెళ్ళొచ్చేవాడు. అప్పటి నుంచి అట్టపెట్టెలు ఒక్కొక్కటే ఇంటికి రావడం మొదలైంది. మదర్‌బోర్డు వచ్చింది, ప్రాసెసర్ వచ్చింది, మానిటర్ వచ్చింది. దేన్నీ విప్పేవాడు కాదు. అన్నీ వచ్చాక ఒక్క రోజున కూర్చుని కడతానని అన్నీ మంచం కింద పేర్చాడు. పెళ్ళికూతురి చీరలయినా ఇంత పదిలంగా దాచరు కదరా అని నేను ఏడిపించేదాన్ని. ఒక్క గ్రాఫిక్స్ కార్డు రావాలక్కా, అది వస్తే చూద్దువుగాని అనేవాడు.

అది రాకముందే, వానాకాలంలో, జంక్షన్ దాటాక హైవే మీద వాడి బండి జారింది. దాని గురించి ఇంతకంటే రాయను.

గ్రాఫిక్స్ కార్డు తర్వాత వచ్చింది. వాడి ఫోన్ని ఆపనివ్వకుండా అమ్మ రోజూ ఛార్జింగ్ పెట్టేది. కొరియర్ అతను ఆ నంబరుకే చేశాడు. సార్ ఉన్నారా అండీ అన్నాడు. లేరన్నాను. ఎప్పుడొస్తారండీ అన్నాడు. నేను తీసుకుంటాను రమ్మన్నాను. తీరా వచ్చాక ఓటీపీ చెప్పాలన్నాడు. అది కూడా వాడి ఫోన్‌కే వచ్చింది. ఆ అంకెలు చదువుతుంటే నా గొంతు మామూలుగానే ఉందని గుర్తు. పెట్టె లోపల పెట్టి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఇక్కడ నాన్న సంగతి చెప్పాలి. పామర్రు హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. దేవుణ్ణి, దెయ్యాన్ని, ముహూర్తాన్ని, దేన్నీ నమ్మని మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆదివారం వస్తే చాలు, స్కూటరేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఎక్కడ ఎవరు గాల్లోంచి విభూది తీస్తున్నా, ఎక్కడ చెట్టుకి పాలు కారుతున్నా అక్కడ తేలేవాడు. జనానికి ఒకటే చెప్పేవాడు. "వింత వైపు చూడమాకండి. చెయ్యెక్కడుందో చూడండి." నిజంగానే ఎప్పుడు చూసినా ఒక చెయ్యి ఉండేది. ఆయన బల్ల సొరుగులో ఒక పెద్ద భూతద్దం ఉండేది. భూతాల్ని నమ్మనివాడికి భూతద్దం ఎందుకు నాన్నా అని తమ్ముడు చిన్నప్పుడు అడిగితే, లేవని చూసుకోవడానికేరా అన్నాడు.

తమ్ముడికి కర్మకాండ చేయించలేదు. పామర్రు నుంచి వచ్చిన బంధువులు కోపం తెచ్చుకుని భోంచేయకుండా వెళ్ళిపోయారు. అమ్మ వాళ్ళతో వాదించలేదు, నాన్నతోనూ వాదించలేదు. వంటింట్లో గట్టు మూల ఒక ప్రమిద పెట్టుకుంది. నాన్న దాన్ని తీసెయ్యమనలేదు.

గ్రాఫిక్స్ కార్డు వచ్చిన ఆదివారం, మంచం కింది పెట్టెలన్నీ ఎవరికైనా ఇచ్చేద్దామని అమ్మ అంది. పోయినవాళ్ళ వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదని ఆమె పట్టింపు. నాన్న పేపరు మడిచి కింద పెట్టి, "వాడు కడతానన్నాడుగా. కట్టేద్దాం" అన్నాడు. కట్టడం ఆయనకి రాదు. నాకూ రాదు. నాకు తెలిసిన కంప్యూటరల్లా ఆఫీసులో ఉన్నదే, అది పాడైతే ఫోన్ చేసి తిట్టడమే నాకు తెలిసిన రిపేరు.

ఫోన్లో ఒక వీడియో పెట్టుకుని భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి మొదలుపెట్టాం. వీడియోలో కుర్రాడికి అన్నీ నవ్వుతూ కుదిరిపోతున్నాయి. మాకు మదర్‌బోర్డు ఏ వైపు తిప్పి పెట్టాలో తేలడానికే కాఫీలు అయిపోయాయి. ఒంట్లో కరెంటు పోవాలి, ముందు కుళాయి పట్టుకుని రమ్మన్నాడు నాన్న. పట్టుకుని వచ్చాను. ప్రాసెసర్ మూల మీద బంగారు రంగు త్రికోణం ఒకటి ఉంటుంది, బోర్డు మీద ఉన్న త్రికోణంతో అది కలవాలి. నాన్న భూతద్దం పెట్టి చూసి సరేనన్నాక అందులో వదిలి, మీట నొక్కాను. అప్పుడు కర్రుమని చప్పుడొచ్చింది. విరిగిందనుకుని నాకు చెమటలు పట్టాయి. వీడియో వెనక్కి తిప్పి చూస్తే వాళ్ళదీ అలాగే కర్రుమంది.

చేసిన తప్పులకి లెక్కలేదు. వెనక పెట్టాల్సిన రేకు మరిచిపోయి బోర్డు బిగించేసి, మళ్ళీ అన్ని మరలూ విప్పాను. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించబోతే నాన్న చూశాడు. క్యాబినెట్ లోపల అడుగున ఒక సాక్సు దొరికింది. దాన్ని నేనూ నాన్నా చూసి, పక్కన పెట్టాం. తీగలన్నీ పెట్టి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, రంగులు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. చాలాసేపు కుస్తీ పడ్డాక తేలిందేమంటే, మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాల్సింది బోర్డుకి పెట్టాను. మార్చగానే తెర వెలిగింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ బొట్టు పెట్టనా అంది. నాన్న పెట్టుకోమన్నాడు. అమ్మే జంకి పెట్టలేదు.

ఆ తెర విండోస్ రాకముందు వచ్చే సెట్టింగుల తెర. మెమరీ వేగం ఒక్కటి మార్చి బయటికి రమ్మని వీడియోలో చెప్పారు. నా చేతులు ఊరుకుంటాయా? అన్ని మెనూలూ తెరుచుకుంటూ పోయాను. ఒకచోట 'రీస్టోర్ ఏసీ పవర్ లాస్' అని ఉంది. తమ్ముడి గదిలో ఏసీ పాతది. ఎండాకాలం అది వేసినప్పుడల్లా ఓల్టేజీ పడిపోయి అన్నీ ఆరిపోతాయి. ఏసీ వల్ల పవర్ పోతే మళ్ళీ ఇమ్మంటావా అని అడుగుతోందనుకున్నాను. ఎంత బుద్ధిమంతురాలో చూశారా కంప్యూటరు, విజయవాడ ఎండల సంగతి దానికీ తెలుసు అనుకున్నాను. నాన్న నా పక్కనే కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు. "ఏసీ అంటే మన ఏసీయేగా నాన్నా?" అన్నాను. "ఊఁ" అన్నాడు. ఆన్ చేసేశాను.

విండోస్ ఎక్కించాక కంప్యూటరుని తమ్ముడి గదిలో బల్ల మీదికి చేర్చాం. వాడి గేములన్నీ వాడి ఆన్‌లైన్ ఖాతాలో ఉన్నాయి. వాడి ఫోన్‌కి కోడ్ తెప్పించుకుని ఆ ఖాతాతోనే లోపలికి వెళ్ళి, కంప్యూటరు వేసినప్పుడల్లా అదే తెరుచుకునేలా పెట్టాను. అందులో తన పేరుకి బదులు ఊరి పేరు పక్కన పులి తగిలించుకున్నాడు వెధవ. పక్కన నల్లద్దాలు పెట్టుకున్న గేదె బొమ్మ. ఆ బొమ్మ పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది, మనిషి ఆన్‌లైన్లో ఉన్నాడన్న గుర్తు. వాడు గేమింగ్ సెంటర్లో ఆడుతూ వచ్చిన గేమునే దించాను. అది గుర్రం మీద తిరిగే మనిషి ఆట. 'కొనసాగించు' నొక్కితే, వాడు ఆఖరిసారి ఆపిన చోటు వచ్చింది. ఒక ఏటి ఒడ్డు. గుర్రం పక్కన మనిషి మనకి వీపు పెట్టి నిలబడ్డాడు. మనం ఏమీ నొక్కకపోయినా అతను ఊరికే ఉండడు. ఊపిరి తీస్తాడు, భుజాలు పైకీ కిందికీ ఆడతాయి. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటాడు. మెడ గోక్కుంటాడు. మొహం మాత్రం కనపడదు.

ఎటు వెళ్ళమంటావు నాన్నా అని మీటల మీద చెయ్యి వేశాను. "ముట్టుకోమాక" అన్నాడు నాన్న. కదిపితే వాడు ఆపిన చోటు పోతుందని ఆయన భయం. ముగ్గురం అలాగే నిలబడి ఆ వీపు చూశాం. తర్వాత నేను కంప్యూటరు ఆపేశాను. ఆపెయ్యడం అనే మాట కూడా అమ్మకి నచ్చలేదు. దీపానికి అన్నట్టే, కొండెక్కింది, రండి భోంచేద్దురుగాని అంది.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది. ఫ్యాన్లకీ లైట్లకీ అది చాలు, గోడ ప్లగ్గులకి రాదు. నేను ఆఫీసు నుంచి ముందే వచ్చి హాల్లో పడుకుని ఉన్నాను. కరెంటు రాగానే ఇన్వర్టరు టక్కుమంది, ఫ్రిజ్ మూలిగింది. ఆ వెనకే మూసి ఉన్న తమ్ముడి గదిలో ఫ్యాన్లు తిరిగిన చప్పుడు. తలుపు సందులోంచి రంగులు మారుతున్న వెలుగు. ఎవరూ బటన్ నొక్కలేదు. కాసేపటికి ఖాతా తెరుచుకున్నప్పుడు వచ్చే చిన్న గంట లాంటి చప్పుడు వినపడింది. నాస్తికుడి కూతుర్ని, సిగ్గులేకుండా చెబుతున్నాను, లేచి తలుపు తీయడానికి నాకు కాళ్ళు రాలేదు.

నాన్న వెళ్ళి తీశాడు. తెర మీద గేదె బొమ్మ, ఆకుపచ్చ చుక్క, మళ్ళీ వచ్చినందుకు స్వాగతం అన్న మాటా. నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మౌసుతో తడుముకుంటూ 'కొనసాగించు' మీద నొక్కాడు. ఏటి ఒడ్డు వచ్చింది.

అది మొదలు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ కంప్యూటరు దానంతటది లేచేది. మా వైపు ఎండాకాలంలో కరెంటు పోవడానికి కొదవేముంది. ఇదివరకు కరెంటు పోతే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, వాళ్ళకి ఫిజిక్స్ పాఠం చెప్పి మరీ తిట్టే మనిషి నాన్న. ఇప్పుడు కరెంటు పోతే ఏ పనిలో ఉన్నా వదిలేసి, వాడి గదిలోకి వెళ్ళి, నల్లటి తెర ముందు కూర్చునేవాడు. వచ్చేదాకా అలాగే ఉండేవాడు. వచ్చాక ఆ మనిషి ఊపిరి తీయడం చూస్తూ ఉండేవాడు. సాయంత్రాలు హేతువాద సంఘం మిత్రులతో టీకి వెళ్ళడం మానేశాడు. ఎవరైనా ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదనేవాడు.

ఒక ఆదివారం నేను చొరవ తీసుకున్నాను. ఎందుకు నాన్నా కరెంటు కోసం ఎదురుచూపులు, బటన్ నొక్కితే వస్తుందిగా అని వేలు పెట్టబోయాను.

"నువ్వు వెయ్యమాకమ్మా" అన్నాడు. "దాన్నే రానీ."

ఆ మాట విన్న రోజు నాకు అసలు భయం పట్టుకుంది. కంప్యూటరంటే కాదు, నాన్నంటే. అనుమానం పెనుభూతం అని ఊరందరికీ చెప్పినవాడు, ఆ భూతం ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వంటింట్లో అమ్మ నాకు కూర గిన్నె అందిస్తూ నెమ్మదిగా చెప్పింది. "మీ నాన్న దేవుణ్ణి నమ్మకపోతే నేనేనాడూ బాధపడలేదే. ఇప్పుడు దీన్ని నమ్ముతుంటే భయమేస్తోంది. బాగుచేయించు. వాడెలాగూ పోయాడు. ఈయన్ని కూడా ఆ గదిలోకి పోనివ్వలేను."

అమ్మ మాటకి జవాబు వెతుకుతుండగానే, ఆఫీసులో ఉన్నప్పుడు తమ్ముడి స్నేహితుడు ఒకతను ఫోన్ చేశాడు. వాడితో ఆడేవాడు, ఏలూరు వైపు కుర్రాడు. నమస్తే చెప్పి కాసేపు నసిగాడు. వాడి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క కనపడుతోందట, ఇప్పుడే వెలిగిందట, నిన్న కూడా వెలిగిందట. పోయినవాడి పేరు అలా ఎలా వెలుగుతోందని అడిగాడు. మా నాన్నేనని చెప్పాను. కరెంటు పోయి వస్తే దానంతటది లేస్తోందని కూడా చెప్పాను. అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, అది బయోస్‌లో, అంటే మొదట్లో వచ్చే ఆ సెట్టింగుల తెరలో, ఏసీ పవర్ సెట్టింగ్ అయ్యుంటుందని, ఆన్ చేసి ఉంటే అలాగే లేస్తుందని చెప్పాడు. ఏసీకీ దీనికీ ఏంటి సంబంధం అన్నాను.

ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ కాదక్కా, ఆల్టర్నేటింగ్ కరెంట్ అన్నాడు.

ఫిజిక్స్ మాస్టారి కూతుర్ని. టెన్త్‌లో ఆ పాఠం నాకు చెప్పింది మా నాన్నే. నవ్వొచ్చింది, ఆఫీసులో పక్క సీటావిడ నా వైపు తిరిగి చూసేంత నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేసే ముందు ఆ కుర్రాడు ఇంకో మాటన్నాడు. "తీసెయ్యమాకండక్కా. ఊరికే, చూసుకుంటా ఉంటాను." నాకు నవ్వు ఆగిపోయింది.

అమ్మ మాట, కుర్రాడి మాట రెండూ పట్టుకుని కొన్నాళ్ళు తిరిగాను. చివరికి అమ్మ మాటే గెలిచింది. నాన్న రైతుబజారుకి వెళ్ళిన ఒక పొద్దున, ఆ సెట్టింగుల తెరలోకి వెళ్ళి దాన్ని ఆఫ్ చేశాను. నాన్నకి చెప్పలేదు. చెబితే ఏమంటాడో తెలియక కాదు. ఏసీ అంటే ఏమిటో ఆయనకి ఆ రోజే తెలియకుండా ఉంటుందా అన్న ప్రశ్న అప్పటికే నా బుర్రలో దూరింది. ఆ "ఊఁ" పరధ్యానంలో అన్నాడో, తెలిసే అన్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. అడగలేదు.

మర్నాడు సాయంత్రం కరెంటు పోయింది. నాన్న వెళ్ళి కూర్చున్నాడు. నేను హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కరెంటు వచ్చింది. ఇన్వర్టరు టక్కుమంది, ఫ్రిజ్ మూలిగింది, అంతే. గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. నాన్న లేవలేదు. వెలుతురు తగ్గింది. అమ్మ వెళ్ళి లైటు వేసి వచ్చింది. ఆయన ఆ నల్లటి తెర ముందు అలాగే, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. భోజనానికి పిలిస్తే వచ్చాడు. పెరుగన్నం దాకా తిన్నాడు. అప్పుడు కంచంలోకి చూస్తూ, "ఓల్టేజీ చాల్లేదనుకుంటా" అన్నాడు.

ఓల్టేజీకీ దానికీ సంబంధం లేదని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు. జీవితమంతా ఇతరుల సాకులు చీల్చి చెండాడిన మనిషి, తనకోసం తానే ఒక సాకు అల్లుకోవడం చూశాను. అమ్మ కూడా చూసింది.

తర్వాత కరెంటు పోయినప్పుడూ అంతే. ఆ తర్వాతా అంతే. నాన్న మళ్ళీ టీకి వెళతాడని, సంఘానికి వెళతాడని నేననుకున్నాను. అదేమీ జరగలేదు. ఇదివరకు కరెంటు పోయినప్పుడే వెళ్ళి కూర్చునేవాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం, కరెంటు పోయినా పోకపోయినా, ఆ కుర్చీలోనే. మాట తగ్గింది. పేపరు చదవడం తగ్గింది. అన్నం కలిపి మరిచిపోయేవాడు.

ఆ రోజుల్లోనే నాకొక పాత సంగతి గుర్తొచ్చింది. నేను స్కూల్లో చదువుతున్నప్పుడు, పామర్రు అవతల ఒక ఊళ్ళో ఒక ఇంటి మీద సాయంత్రమయ్యేసరికి రాళ్ళు పడుతున్నాయని కబురొచ్చింది. నాన్న స్కూటరు మీద నన్ను కూడా తీసుకెళ్ళాడు. ఊరు ఊరంతా ఆ ఇంటి ముందు నిలబడి పైకప్పు వైపు చూస్తోంది. నాన్న కప్పుకి వీపు పెట్టి నిలబడి మనుషుల్ని చూశాడు. ఎక్కువసేపు పట్టలేదు. నడిచి వెళ్ళి, ఆ ఇంటి ముసలావిడ చెయ్యి పట్టుకున్నాడు. కొంగులో రాళ్ళున్నాయి. భర్త పోయినావిడ. ఎందుకిలా చేశావమ్మా అని నాన్న అడిగాడు.

"రాళ్ళు పడతా ఉంటే నలుగురూ వస్తన్నారు బాబూ" అంది.

జనం నవ్వారు. నాన్న ఆ చెయ్యి వదిలేశాడు. మీటింగుల్లో వందల కథలు చెప్పేవాడు గాని, ఆ కథ ఎన్నడూ చెప్పలేదు.

నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు సెట్టింగ్ మళ్ళీ ఆన్ చేశాను. ఇక కరెంటు పోవడమే తరువాయి. వానలు పడి ఎండలు తగ్గాయి, ఏసీలు ఆగాయి. కరెంటు పోదే! ఊళ్ళో అందరూ కరెంటు పోకూడదని కోరుకుంటుంటే, పోతే బాగుణ్ణని కోరుకున్న ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది. మబ్బు పడితే ఆశగా చూసేదాన్ని. గాలి లేస్తే కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని. పక్క వీధిలో పోయేది గాని మాకు పోయేది కాదు.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న ఎప్పటిలాగే ఆ గదిలో, తలుపు వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. భుజాలు నెమ్మదిగా పైకీ కిందికీ ఆడుతున్నాయి. మెడ గోక్కున్నాడు. నేను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో ఆగిపోయాను.

మా మెయిన్ స్విచ్ బోర్డు వీధి తలుపు పక్కనే ఉంటుంది, ఆ గదికి ఎదురుగా. మూత తీశాను. మూత కీచుమంది. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది, నా చెయ్యి ఎక్కడుందో చూసింది. బాగుచేయించమన్న మనిషే చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

స్విచ్ కిందికి లాగాను. ఠక్కుమంది. ఫ్రిజ్ ఆగింది. ఇన్వర్టరు అందుకుంది. పక్కింట్లో టీవీ మాత్రం ఆగలేదు. గోడ అవతల సీరియల్లో అత్తగారు కోడల్ని తిడుతూనే ఉంది. ఎదురు ఫ్లాట్లో ఎవరో మిక్సీ వేశారు. కరెంటు ఒక్క మా ఇంట్లోనే పోయిందని చెవులున్న ఎవరికైనా తెలుస్తుంది. పైగా నాన్న ముందు క్యాబినెట్ అద్దం తలుపు ఉంది. లోపల చీకటిగా ఉన్నప్పుడు అది నిలువుటద్దంలా పనిచేస్తుంది. అందులో వెలుగుతున్న హాలు, బోర్డు దగ్గర ఎత్తిన చేత్తో నేను నాకే కనపడుతున్నాను.

వింత వైపు చూడొద్దని, చెయ్యి వైపు చూడమని ఊరూరా చెప్పిన మనిషి. ఆయన తల తిప్పుతాడేమోనని చూశాను. తిప్పితే స్విచ్ వదిలేసి వెళ్ళి కాళ్ళ దగ్గర కూలబడేదాన్ని. నాన్న కళ్ళజోడు సర్దుకుని, నల్లటి తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

స్విచ్ పైకి లేపాను. ఫ్రిజ్ మూలిగింది. గదిలో ఫ్యాన్లు తిరిగాయి, నాన్న జుట్టు మీద రంగులు పడ్డాయి. చిన్న గంట మోగింది.

"కరెంటొచ్చిందమ్మా" అన్నాడు నాన్న, నా వైపు చూడకుండానే.